సోమవారం రమ్మన్న మెసేజ్

ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగితే ఇప్పటికీ నాకు గుండె దడ పుడుతుంది. రిటైరై ఏడాదిన్నర దాటింది. ఫోన్ చేసేది మా చెల్లెలో, ఎదురింటావిడో అయి ఉంటుంది. అయినా ఎత్తేముందు ఎవరి పేరు ఉందో రెండుసార్లు చూసుకుంటాను. ఈ దడ ఎక్కడ పట్టుకుందో, ప్రోగ్రాములు రాసే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. ఉన్నదల్లా నా తప్పు, దాన్ని ఒప్పుకోవడానికి నేను తీసుకున్న సమయం.

బేగంపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. ఆస్పత్రులకు, క్లినిక్కులకు మెసేజ్‌లు పంపే వ్యవస్థ మాది. అపాయింట్‌మెంట్ ఎప్పుడు, డాక్టరు ఉన్నారా లేరా, ఇలాంటివి పేషెంట్ల ఫోన్లకు వెళ్తాయి. వాటిలో సికింద్రాబాద్‌లోని ఒక డయాలసిస్ సెంటర్ ఉండేది. కిడ్నీలు పనిచేయనివాళ్లు వారానికి మూడుసార్లు అక్కడికి వచ్చి, నాలుగేసి గంటలు మిషన్‌కు కట్టేసినట్టు ఉంటారు. వాళ్లకు ముందు రోజు మేం ఒక మెసేజ్ పంపేవాళ్లం. ఫలానా వారు ఫలానా రోజు ఫలానా సమయానికి రావాలి. అంతే.

ఇలాంటి మెసేజ్ రాయడానికి ఒక వాక్యం తయారుగా పెట్టుకుంటాం. పేషెంటు పేరు, రోజు, సమయం రావలసిన చోట్ల ఖాళీలు వదిలి, ఒక్కో ఖాళీకి ఒక్కో పేరు పెడతాం. ఆ పేరును కీ అంటాం. కీ పేరు చూసి, దానికి తగిన విలువను భాషే ఆ ఖాళీలో నింపుతుంది. మేం వాడే భాషలో ఒక తిరకాసు ఉంది. కీలు రెండు రకాలు. మామూలు అక్షరాల వరుస ఒకటి, దాన్ని స్ట్రింగ్ అంటారు. ముందు రెండు చుక్కలు పెట్టి రాసే గుర్తు ఇంకొకటి, దాన్ని సింబల్ అంటారు. కంటికి రెండూ 'టైమ్' అనే కనిపిస్తాయి. భాషకు మాత్రం ఆ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. వాక్యంలోని ఖాళీ సింబల్ కోసం చూస్తుంటే మనం స్ట్రింగ్ ఇస్తే, ఆ కీ లేదు పొమ్మంటుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. కొత్తవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు నేనే బోర్డు మీద రాసి చూపించేదాన్ని.

ఆ సెంటర్ పని మొదలైన కొన్ని నెలలకు ఒక శుక్రవారం మెసేజ్‌లు మధ్యలో ఆగిపోయాయి. ఒక పేషెంటు రికార్డులో సమయం నింపలేదు. కీ దొరక్క ప్రోగ్రాం అక్కడే నిలబడిపోయింది. అతని వెనక ఉన్న వాళ్లెవరికీ మెసేజ్ వెళ్లలేదు. సెంటర్‌లో హెడ్ సిస్టర్ ఒకావిడ ఉండేది. ఆమె మా మేనేజర్‌కు ఫోన్ చేసి గట్టిగా అడిగింది. మేనేజర్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నా కానీ మేడమ్, మెసేజ్ ఆగొద్దు. గిట్ల మళ్లోసారి అయితే ఆ సెంటర్ మన చేతిల ఉండదు."

ఆ సాయంత్రమే నేనొక ఏర్పాటు చేశాను. ఏ కీ అయినా దొరక్కపోతే ఆగిపోవద్దు, ఆ పేషెంటు మొదట చేరినప్పుడు ఇచ్చిన రిజిస్ట్రేషన్ రికార్డులోంచి విలువ తీసుకో అని రాశాను. సమయం లేకపోతే అతని మామూలు సమయం, రోజు లేకపోతే అతని మామూలు రోజు. చూడ్డానికి చక్కగా ఉంది. నాలుగు లైన్లు. నాకు బాగా నచ్చింది కూడా.

మా టీంలో ఒక అమ్మాయి ఉండేది. వరంగల్ నుంచి వచ్చి అప్పటికి రెండేళ్లు. తక్కువ మాట్లాడేది. ఆ నాలుగు లైన్లు చూసి నా పక్కన నిలబడింది.

"మేడమ్, కీ దొరకకపోతే ఆగిపోతేనే మంచిది కదా? మనకు తెలుస్తది."

"ఆగిపోతే నీకు ఫోన్ రాదమ్మా, నాకొస్తది," అన్నాను.

ఆమె నవ్వి వెళ్లిపోయింది. ఆ జవాబు ఆ రోజు నాకు చాలా తెలివిగా అనిపించింది.

మరో రెండు నెలలకు సెంటర్‌వాళ్లు కొత్త కోరిక కోరారు. మిషన్లు బాగులేనప్పుడు, సెలవులు వచ్చినప్పుడు పేషెంట్ల రోజులు మార్చాల్సి వస్తుంది. ఆ మార్పుల ఫైలు వాళ్లు పంపుతారు, దాన్నిబట్టి మేం మెసేజ్‌లు పంపాలి. ఫైలు చదివే భాగం ఆ అమ్మాయి రాసింది. సరిచూసి ఒప్పుకున్నది నేను. మా డేటాబేస్ నుంచి వచ్చే కీలన్నీ సింబల్స్. ఫైల్లోంచి వచ్చేవన్నీ స్ట్రింగ్స్. ఆ తేడా ఆమె గమనించలేదు. గమనించాల్సిన నేను చదువుతూ దాటిపోయాను. పరీక్షించడానికి సెంటర్‌వాళ్లు ఇచ్చిన ఫైల్లో నిజంగా రోజు మారినవాళ్లు ఎవరూ లేరు. కీలు ఒక్కటీ దొరకలేదు, అన్ని విలువలూ రిజిస్ట్రేషన్ రికార్డు నుంచే వచ్చాయి, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేర్లతో సహా. మేం సంతోషంగా సంతకాలు పెట్టాం.

ఇంక ఆ ఆదివారం సంగతి.

శనివారం పొద్దున సెంటర్‌లో నీటిని శుద్ధిచేసే ప్లాంట్ మొరాయించింది. ఎలాగో మళ్లీ నడిపించి, సోమవారం దాన్ని పూర్తిగా విప్పి బాగుచేస్తామన్నారు. ఆ నీరు లేకుండా డయాలసిస్ జరగదు. అందుకని సోమవారం రావలసిన వాళ్లందరినీ ఒకరోజు ముందే, ఆదివారమే రమ్మని ఫైలు పంపారు. నిజంగా రోజులు మారిన ఫైలు అదే మొదటిది. శనివారం మధ్యాహ్నం మా దగ్గరనుంచి మెసేజ్‌లు వెళ్లాయి. నేను ఇంట్లోంచే చూసుకున్నాను. పద్దెనిమిది మందికి పద్దెనిమిది అందాయి. ఒక్కటీ ఆగలేదు.

ఆదివారం ఏడుంబావుకు సిస్టర్ ఫోన్ చేసింది.

"ఏంది మేడమ్, మెసేజ్‌లు పోయినయా లేదా? పొద్దుటి షిఫ్ట్‌కు తొమ్మిది మంది రావాలె. ఒక్కరే వచ్చిన్రు."

"అన్నీ పోయాయి సిస్టర్. డెలివరీ రిపోర్ట్ నా ముందరే ఉంది."

"ఆ వచ్చినామె సుత మా ఆయా చెల్లెలు. మెసేజ్ చూసి రాలే, ఆయా చెప్తే వచ్చింది."

"ఆదివారం కదా, ఆలస్యంగా లేస్తారేమో. కాసేపు చూడండి."

ఈ మాట అన్నది నేనే. ఎనిమిదింటికి ఆమె మళ్లీ ఫోన్ చేసింది. మళ్లీ రిపోర్ట్ గురించే చెప్పాను. పేషెంట్లు మెసేజ్‌లు చదవరని కూడా అన్నట్టు గుర్తు.  తర్వాత ఆమె ఎవరినో ఫోన్ ఇమ్మని అడగడం వినిపించింది. ఆయా చెల్లెలి ఫోన్‌లోంచి నిదానంగా చదివింది.

"సోమవారం ఉదయం ఏడు గంటలకు రాగలరు. గిట్ల ఉంది మేడమ్. సోమవారం. మీరే పంపిన్రు."

ఫోన్ చెవి దగ్గరే ఉంది.  ఎక్కడ ఏం జరిగిందో వెతకాల్సిన అవసరం కూడా లేకపోయింది. నా నాలుగు లైన్లు కళ్ల ముందు కనిపించాయి. కీ దొరక్కపోతే మామూలు రోజు.

"రాకుంటే ఏమవుతుంది సిస్టర్?"

"శుక్రవారం చేసినం. రేపు బంద్. మంగళవారం వేరేవాళ్లతోని నిండి ఉంది. అంటే బుధవారం. అయిదు దినాలు మేడమ్. ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరుతయి. కొందరికి పొటాషియం పెరిగి గుండె ఆగుతది. మీకు తెల్వదా?"

నిజం చెప్పాలంటే, తెలియదు. ఏడాదిగా వాళ్లకు మెసేజ్‌లు పంపుతున్నాను, ఒక షిఫ్ట్ తప్పితే మనిషికి ఏమవుతుందో ఒక్కసారీ అడగలేదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె బేగంపేటలోనే హాస్టల్లో ఉండేది. నేను సైనిక్‌పురి నుంచి ఆటోలో ఆఫీసు చేరేసరికి, తలుపు తీసి, ఆయా చెల్లెలిని వదిలి మిగతా పదిహేడు నంబర్లూ కాగితం మీద రాసి పెట్టింది.

"మళ్ల మెసేజ్ పంపుదామా మేడమ్?"

"నిన్నటిది ఒకటి, ఇవాళ్టిది ఒకటి. ఏది నమ్ముతారు? మాట్లాడదాం."

నంబర్లు చెరి సగం పంచుకున్నాం. ఆరుగురికి చెప్పగానే అర్థమైంది, బయల్దేరుతామన్నారు. మిగతావాళ్లతో వచ్చిన చిక్కు నేను కలలో కూడా అనుకోనిది. ఎవరూ నమ్మలేదు. ఎవరో తెలియని ఆడమనిషి ఫోన్ చేసి, మీ ఆస్పత్రి నుంచి, వెంటనే రండి, ఆలస్యమైతే ప్రమాదం అంటే, ఈ రోజుల్లో జనం ఏమనుకుంటారు? ఒకావిడ వెంటనే పెట్టేసింది. ఒకతను, "ఇప్పుడు ఓటీపీ అడుగుతవ్, అంతేనా?" అన్నాడు.

సైనిక్‌పురిలో ఉండే ఒక మాజీ సైనికుడు అందరికంటే మర్యాదగా నన్ను కాదన్నాడు.

"నా దగ్గర రాతపూర్వకంగా ఉందమ్మా. సోమవారం అని. మీ మాట మీద నేనెందుకు రావాలె?"

"సార్, ఆ మెసేజ్ తప్పు. దాన్ని పంపింది మేమే."

"తప్పు మెసేజ్ పంపినోళ్లు ఫోన్‌ల నిజం చెప్తరని గ్యారంటీ ఏంది?"

 "నేనూ సైనిక్‌పురిలోనే ఉంటాను సార్," అన్నాను, అదేదో సాక్ష్యం అయినట్టు.

"అందరూ గట్లనే చెప్తరు," అని పెట్టేశాడు.

తొమ్మిదిన్నర దాటింది. కాగితం మీద పదకొండు పేర్లు మిగిలాయి. అమ్మాయి ముఖం పాలిపోయి ఉంది.  సెంటర్‌కు ఫోన్ చేసి మీరే వాళ్లతో మాట్లాడమని సిస్టర్‌ను అడిగాను.

"నేను ఒక్కదాన్నే ఉన్న మేడమ్. మిషన్ మీద మనుషులున్నరు. ఒక్కొక్కరికి ఫోన్ చేసుకుంట ఎట్ల కూసోవాలె?"

అప్పుడు అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"సిస్టర్, మీ గొంతుతోని ఒక్క నిమిషం మాట్లాడి నాకు పంపుతరా? మీ గొంతు వాళ్లందరికీ తెలుసు కదా. మిగతాది నేను చూసుకుంట."

రెండు నిమిషాల్లో వచ్చింది. వెనక మిషన్ల కూతలు వినిపిస్తున్నాయి. "నేనే మాట్లాడుతున్న, సిస్టర్‌ని. రేపు మిషన్లు బంద్. నిన్నటి మెసేజ్ తప్పు. ఏ పని ఉన్నా ఇడిచిపెట్టి ఇయ్యాలనే రాండ్రి. వాటర్ ఎక్కువ తాగకున్రి." అంతే ఉంది అందులో. దాన్ని పదకొండు మందికీ పంపాం. అరగంటలో ఒక్కొక్కరే తిరిగి ఫోన్ చేయడం మొదలైంది. మాజీ సైనికుడు కూడా చేశాడు. బయల్దేరానని మాత్రం చెప్పి, ఇంకేం అనకుండా పెట్టేశాడు.

పదకొండింటికి ఒక్క పేరు మిగిలింది. అరవై దగ్గరపడ్డ ఒకావిడ. తిరుమలగిరిలో ఇంట్లోనే జాకెట్లు కుట్టేదని రికార్డులో ఉంది. ఫోన్ స్విచ్చాఫ్. రెండో నంబరు లేదు.

కారు మాట్లాడుకుని ఇద్దరం బయల్దేరాం. ఆ ఇల్లు ఒక సందులో ఉంది. తాళం వేసి ఉంది.  అమ్మాయి పక్కింటి తలుపు కొట్టింది. ఒకావిడ బియ్యం ఏరుకుంటూ బయటికి వచ్చి మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది.

"టైలర్ ఆపా కోసమా? శాదీకి పోయింది. బోయిన్‌పల్లిల ఫంక్షన్ హాల్. పేరు యాదికి లేదు. పెద్ద నీళ్ల ట్యాంక్ పక్కకు అంటుండె."

బోయిన్‌పల్లిలో ఆ ఆదివారం ఎన్ని పెళ్లిళ్లు ఉన్నాయో. మొదటి హాల్లో కాదన్నారు. రెండో హాల్లో మగవాళ్లు మమ్మల్ని గుమ్మంలో ఆపి, ఎవరి తరఫు అని అడిగారు. డయాలసిస్ సెంటర్ తరఫు అని అమ్మాయి చెప్పింది. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పక్కకు జరిగారు.

ఆడవాళ్ల వైపు గోడ పక్కన, కుర్చీలో కూర్చుని ఉంది. పాదాలు వాచి చెప్పులు కుర్చీ కింద వదిలేసింది. పక్కన ఆమె కోడలు. మేం ఎవరమో చెప్పాను. ఆమె తొణకలేదు. సంచీలోంచి ఫోన్ తీసి చూపించింది.

"చార్జింగ్ అయిపోయింది మేడమ్. మెసేజ్ మాత్రం చూసిన. సోమవారం అని ఉండె."

"అది తప్పమ్మా. మేం తప్పు పంపాం. రేపు సెంటర్ ఉండదు. ఇప్పుడే రావాలి."

 ఆమెకు మాట్లాడితే ఆయాసం వస్తోంది.

"రేపు మిషన్ మీదికి పోతా కద, ఇయ్యాల ఒక్క దినం అని రెండు గ్లాసులు షర్బత్ తాగిన. ఖర్బూజ సుత తిన్న. తెలిస్తే ముట్టకపోదును."

 కోడలూ అమ్మాయీ చెరో చెయ్యి పట్టుకుని లేపారు. కారులో ఆమె వెనక్కి వాలలేకపోయింది. వాలితే ఊపిరి ఆడటం లేదంది. ముందు సీటు వీపును పట్టుకుని వంగి కూర్చుంది. నేను డ్రైవర్ పక్కన కూర్చుని, ప్రతి సిగ్నల్ దగ్గరా వెనక్కి తిరిగి చూశాను. ఆమె నన్ను చూసి ఒకసారి, "పరేషాన్ కాకున్రి," అంది. నాకు ఏడుపొచ్చింది. ముందుకు తిరిగి రోడ్డు చూశాను.

సెంటర్ గుమ్మంలోనే సిస్టర్ చక్రాల కుర్చీతో నిలబడి ఉంది. ఆక్సిజన్ పెట్టారు. డాక్టర్ వచ్చాడు. ఖాళీ అయిన మొదటి మిషన్ ఆమెకే ఇచ్చారు. మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. మాజీ సైనికుడు తన వంతు ముగించుకుని, మోచేతికి దూది అదుముకుంటూ మా ముందునుంచి వెళ్తూ ఆగాడు.

"ఫోన్ చేసింది మీరేనా?"

"అవును సార్."

"నిజమే చెప్పిన్రు," అని వెళ్లిపోయాడు. అది మెచ్చుకోలో, తిట్టో ఇప్పటికీ తెలియదు.

అయిదున్నరకు సిస్టర్ బయటికి వచ్చి, ఊపిరి తేలికైందని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది.

"రేపు పొద్దున ఈమె వచ్చి తాళం చూసి, ఇంకో ఆస్పత్రి దేవులాడుకునే లోపల ఏమైతుండెనో మేడమ్. నాకైతే చెప్పరాదు."

నన్నేమీ తిట్టలేదు. ఎనిమిదింటికి నేను అన్న మాటలు ఆమె మరచిపోయి ఉండదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

సోమవారం మేనేజర్ మమ్మల్ని వేర్వేరుగా పిలిచాడు. సెంటర్‌కు వివరణ పంపాలి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో మా కంప్యూటర్లలో అంతా నమోదై ఉంటుంది. చివరి మార్పు ఆ అమ్మాయి పేరుమీద ఉంది.

"కొత్త కోడ్‌ల కీలు తప్పు రకం పెట్టింది, గంతే కద మేడమ్? జూనియర్ మిస్టేక్ అని రాద్దాం. మీకు రిటైర్మెంట్ దగ్గర పడ్డది. మీకెందుకు తక్లీఫ్?"

ఆ మాటలో అబద్ధం లేదు. కీలు తప్పు రకం పెట్టింది ఆమే. నేను ఒప్పుకుంటున్నానని చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు. తల ఊపి బయటికి వచ్చాను. ఆ తల ఊపడాన్ని ఆయన సరేనన్నట్టే తీసుకుని ఉంటాడు. ఆ రోజంతా ఆ అమ్మాయి నా ఎదురు బల్ల దగ్గర కూర్చుని కోడ్ సరిచేసింది. ఫైల్లోంచి వచ్చే కీలన్నిటినీ సింబల్స్‌గా మార్చే లైను ఒకటి చేర్చింది. నా నాలుగు లైన్ల దగ్గరికి వచ్చి ఆగింది.

"మేడమ్, ఇవి తీసెయ్యనా?"

కొన్ని నెలల కిందట తాను ఏం అడిగిందో, నేనేం చెప్పానో గుర్తుచేయలేదు. గొంతులో కూడా ఆ ఛాయ లేదు. తీసెయ్యమన్నాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆమె తప్పు ఉన్నమాట నిజమే. అయితే నా లైన్లు లేకపోతే ఆమె తప్పు శనివారం మధ్యాహ్నమే బయటపడేది. ప్రోగ్రాం ఆగిపోయేది, నాకు ఫోన్ వచ్చేది, నేను విసుక్కుంటూ సరిచేసేదాన్ని, ఒక్క పేషెంటుకూ తప్పుడు మెసేజ్ వెళ్లేది కాదు. తప్పు చేసింది ఆమె, దాన్ని దాచిపెట్టింది నేను.

మంగళవారం వివరణ నేనే రాసి, మేనేజర్‌కు చూపించి మరీ సెంటర్‌కు పంపాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత నన్ను ఆ పని నుంచి తప్పించి, పాత ప్రోగ్రాములకు వివరణ పుస్తకాలు రాసే పనిలో పెట్టారు. సెంటర్ బాధ్యత ఆ అమ్మాయికి వచ్చింది. నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది, కొన్నాళ్లుండి పోయింది. ఒకరోజు ఆలస్యంగా నిజం చెప్పినందుకు మాత్రం ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ ఒక్కరోజు ఆ పిల్ల ఏమనుకుంటూ నా ఎదురుగా కూర్చుందో నేనెప్పుడూ అడగలేదు.

మూడు వారాల తర్వాత, ఒక బుధవారం, టైలరమ్మను చూడ్డానికి సెంటర్‌కు వెళ్లాను. మిషన్ పక్కన మంచం మీద పడుకుని ఉంది. ముఖం తేటగా ఉంది. క్షమించమని అడిగాను. అసలేం జరిగిందని అడిగింది. కీల సంగతి, రెండు రకాల సంగతి, నాకు చేతనైనంత సులువుగా చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"అయితే పేరు ఒక్కటే, మనుషులు వేరు. అట్లనా?"

"అట్లాంటిదే."

"ఇప్పుడు మంచిగ చేసిన్రా?"

చేశామన్నాను. కావాలంటే ఇప్పుడే చూపిస్తానని ఆఫీసులో అమ్మాయికి ఫోన్ చేశాను. ఒక నిమిషంలో టైలరమ్మ ఫోన్ మోగింది. పక్కనున్న కోడలు చదివి వినిపించింది. శుక్రవారం ఉదయం ఏడు గంటలకు రాగలరు. పేరు సరిగ్గా ఉంది, రోజు సరిగ్గా ఉంది, సమయం సరిగ్గా ఉంది. టైలరమ్మ తల ఊపింది. మంచిగుందన్నది. తర్వాత ఖాళీగా ఉన్న చేతిని మంచం అంచుమీద తడుతూ, కొంచెం మొహమాటంగా నావైపు చూసింది.

"అయినా పొయ్యేటప్పుడు సిస్టర్‌ని ఒకమాట అడుగుత మేడమ్. శుక్రవారమేనా అని. ఏమనుకోకున్రి."

ఏమీ అనుకోనని, తప్పకుండా అడగమని చెప్పాను. ఆమె మిషన్ దిగేదాకా అక్కడే కూర్చున్నాను. వెళ్తూ వెళ్తూ, నేను చూస్తుండగానే, సిస్టర్ బల్ల దగ్గర ఆగి అడిగింది.